సమాధానము

(గాంధారిలో సంఘ కూడికయందు చేసిన ప్రసంగ పాఠము)



మేము పండితులము కాము. బైబిలు కళాశాల గడప తొక్కినవారమును కాము. ఈ గాంధారి చుట్టుప్రక్కల మక్కచేలలో, వరిమళ్లలో కష్టము చేసికొని బ్రదికే కుటుంబములలో పుట్టినవారము. మెదకు మహాదేవాలయమునకు 2024 డిసెంబరు 25వ తేదీతో నూరేండ్లు నిండిన సందర్భమున, భయములోను బాధలోను విశ్వాసికి కలిగే శాంతిని గూర్చి నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు మమ్మును కోరిరి. మాకు తెలిసినది కొంచెమే. ఆ కొంచెములో కూడ మేము నేర్చుకొన్న దానికంటె తప్పిపోయి తెలిసికొన్నదే ఎక్కువ. దానినే మీ ముందుంచుచున్నాము.

భయమనునది మనకు పుస్తకములలోని మాట కాదు. వానకాలము వచ్చినదంటే మొగులు వైపు చూచి భయము. ఎండకాలము వచ్చినదంటే బోరు ఎండిపోవునేమోనని భయము. కొడుకు దుబాయికో మస్కటుకో పోతే, ఫోను రాని రాత్రి తల్లికి నిద్ర లేదు. ఫోను అర్ధరాత్రి మ్రోగితే అంతకంటె భయము. చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టే అక్కకు దగ్గు వచ్చినా, పని దొరకకపోయినా భయమే. 2025 ఆగస్టు 27, 28 తేదీలలో కామారెడ్డి, మెదకు జిల్లాలలో కురిసిన కుంభవృష్టి మనమందరము చూచితిమి. రోడ్లు తెగిపోయినవి. రైలు పట్టాల క్రింది మట్టి కొట్టుకొనిపోయినది. కామారెడ్డి పట్టణములో ఇండ్లు నీట మునిగినవి. ఆ రాత్రి మనలో ఎందరము ప్రార్థన చేసితిమో, ఎందరము ప్రార్థన చేయుటకు కూడ నోరు రాక కూర్చుంటిమో దేవునికే తెలియును.

ఇట్టి మనకు దేవుడిచ్చే శాంతి ఎట్టిది? ఈ ప్రశ్నకు ఒక మాటతో ప్రారంభించెదము.

మన తెలుగు బైబిలులో శాంతి అను మాటతోపాటు ఎన్నో చోట్ల ‘సమాధానము’ అను మాట వాడబడినది. పౌలు తన పత్రికలలో సంఘములకు మొట్టమొదట కోరునది కృపయు, దానితో కూడ సమాధానమును. చిన్నప్పుడు ఆదివారపు బడిలో ఈ మాట విని మేము తికమకపడేవారము. బళ్లో పంతులుగారు ‘క్రింది ప్రశ్నలకు సమాధానములు వ్రాయుడి’ అనేవారు. గుళ్లో గురువుగారు ‘దేవుని సమాధానము మీకు తోడైయుండును గాక’ అనేవారు. దేవుడు ఏ ప్రశ్నకు సమాధానము వ్రాసి పంపునా అని ఎదురు చూచేవారము! మన ఇండ్లలో ఎవరును ప్రశ్నకు సమాధానము అనరు, జవాబు అంటారు. కనుక ఆ మాట మనకు రెండే చోట్ల వినబడేది, బడిలోను గుడిలోను.

పెద్దవారమైన తరువాత చూడగా ఆ మాటకు మూడర్థములు కనబడినవి. జవాబు అనునది ఒకటి. ఇద్దరు తగవులాడి మరల కలిసికొంటే ‘సమాధానపడినారు’ అంటాము, అది రెండవది. మనస్సు నిమ్మళమగుట మూడవది. మనిషికి కష్టము వచ్చినప్పుడు మొదట జవాబు కావలెనంటాడు. ‘నాకే ఎందుకు?’ అని అడుగుతాడు. కాని దేవుడు చాలమారులు మనలను మూడవ అర్థము నుండి, రెండవ అర్థము నుండి నడిపించి, జవాబును తన యొద్దనే ఉంచుకొనుచున్నాడు. మా అనుభవము ఇది. ఆ క్రమములోనే చెప్పెదము.

మొదట, మనస్సు నిమ్మళమును గూర్చి. మార్కు సువార్త నాలుగవ అధ్యాయములో తుపానుకు చిక్కిన దోనె సంగతి మీకు తెలియును. ప్రభువు దోనె వెనుక భాగమున తలగడమీద నిద్రించుచుండెను. శిష్యులలో కొందరు ఆ సముద్రముమీదనే పుట్టి పెరిగిన జాలరులు. నీళ్లు తెలియనివారు భయపడిరంటే వేరు. తెలిసినవారే భయపడిరి. ఏటేట పంట వేసే రైతుకే పంట భయము తెలియును. కనుక భయపడినవాడు చేతకానివాడని, విశ్వాసము లేనివాడని మనము తొందరపడి తీర్పు చెప్పరాదు. గెత్సేమనే తోటలో ప్రభువు తానే వేదనపడెను. ఆయన చెమట రక్తబిందువులవలె నేలబడెనని లూకా వ్రాసెను. వేదన పాపమైతే ఆ తోటలో ఆయన మోకాళ్లూనడు.

ఆ దోనె కథలో రెండు సంగతులు మనము తరచుగా విడిచి పోవుచున్నాము. ఒకటి, తుపాను ఆగిన తరువాత కూడ శిష్యులు భయపడిరి. మునుపు గాలికి భయపడినవారు ఇప్పుడు గాలిని గద్దించినవాని యెదుట నిలిచి వణకిరి. దేవుడు మన భయమును తీసివేయుటకు ముందు దాని చోటు మార్చును. అప్పుకు, రోగమునకు, చావునకు మన గుండెలో ఇచ్చిన పెద్దపీట తీసి తాను కూర్చుండును. రెండవది, ఆ రాత్రి ఆ నీళ్లమీద ఆయన దోనె వెంట వేరే దోనెలు కూడ ఉండెనని మార్కు చెప్పుచున్నాడు. వాటిలోనివారికి ప్రభువు ఏ దోనెలో ఉన్నాడో, ఏమి పలికెనో తెలిసియుండకపోవచ్చును. అయినను వారికిని అలలు అణగినవి. ప్రభువున్న దోనెకు కలిగిన నిమ్మళము ప్రక్క దోనెలకు కూడ కలుగవలెను. సంఘమునకు కలిగిన సమాధానము ఊరికి కూడ అందవలెను. అందకపోతే మనలో ఏదో లోపమున్నది.

మన పెద్దలు దీనిని ఎరిగినవారు. మెదకు దేవాలయపు శిఖరము 173 అడుగుల ఎత్తని, లోపల 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పని యాత్రికులకు గర్వముగా చెప్పుకొంటాము. దాని పని ఎప్పుడు సాగినదో మరచిపోరాదు. 1914లో మొదలై 1924 క్రిస్మసు నాటికి ప్రతిష్ఠ జరిగినది. ఆ పదేండ్లలో మొదటి ప్రపంచ యుద్ధము వచ్చినది, 1918లో విషజ్వరము ఊళ్లకు ఊళ్లను దులిపినది, కరువు కాటేసినది. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు ఆకలిగొన్నవారికి చేయి చాపి అడుగుకొనే స్థితి రాకుండ, ఆ కట్టడములో పని కల్పించి తిండి దొరకునట్లు చేసిరని మనమందరము తాతల నోట విన్నాము. ఆకలి భయము చుట్టుముట్టినప్పుడు ఆ పేదలు మోసిన రాళ్లే నేడు నూరేండ్లుగా నిలిచియున్నవి. మనము దానిని చూచి ‘ఎంత అందము!’ అంటాము. ‘ఎన్ని పొయ్యిలు వెలిగినవో!’ అని కూడ అనవలెను.

ఇక మనకు ఇంకను దగ్గరి చోటికి వచ్చెదము, డిచ్‌పల్లికి. మనలో ఆ పేరు విననివారు లేరు. మన నాయనల కాలములో ఆ పేరు చెప్పుటకే జంకేవారు. ‘పెద్దరోగము’ అని గొంతు తగ్గించి చెప్పేవారు. కుష్ఠు వచ్చినవానికి వ్రేళ్లు పోకమునుపే ఊరు పోయేది. భార్యాపిల్లలు పోయేవారు. బావి దగ్గరికి రానీయరు, బండి ఎక్కనీయరు. రోగముకంటె ముందు భయము వానిని చంపేది.

ఇసబెల్ కెర్ అను డాక్టరమ్మ స్కాట్లండులో 1875లో పుట్టి, అబర్డీనులో వైద్యము చదివి, 1907లో భర్తయైన జార్జి కెర్ దొరగారితో కూడ మన దేశమునకు వచ్చిరి. మన పెద్దలు ఇందూరని పిలిచే నిజామాబాదులో వారు పని చేయుచుండగా, కుష్ఠు రోగులు ఆసుపత్రికి వచ్చి తల దాచుకొనుటకు చోటు లేక తిరిగిపోవుట చూచిరి. చూచి ఊరకుండలేదు. ఇక్కడ మనము జ్ఞాపకముంచుకొనవలసిన మరియొక పేరున్నది. రాజా నర్సాగౌడుగారు క్రైస్తవులు కారు. నిజామాబాదులో పేరున్న హిందూ ధనికులు. ఆ పనికి ధనమిచ్చి నిలువబెట్టిన చేయి వారిది. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి మొదలైనది. మేము ఇందాక చెప్పిన ప్రక్క దోనెలోనివారు, తుపానులో చిక్కినవారి కొరకు తామే తెడ్డు వేసిన సంగతి ఇది.

ఆ దినములలో కుష్ఠుకు నమ్మదగిన మందు లేదు. నార్వేలో హాన్సెను అను వైద్యుడు 1873లోనే దాని క్రిమిని కనుగొనెను గాని, దానిని చంపే మందు ఎవరికిని తెలియదు. చాల్మూగ్రా గింజల నూనె నుండి తీసిన మందును సూదితో ఎక్కించే వైద్యము 1920ల ఆరంభమున డిచ్‌పల్లిలో బాగుగా సాగినది. ఆ సూది నొప్పి చిన్నది కాదు. ఒక మారు కాదు, నెలల తరబడి మరల మరల పొడిపించుకొనవలెను. అయినను రోగులు నడిచి వచ్చిరి. మందు కొరకు మాత్రమే వచ్చిరని మేమనుకొనము. అక్కడ ఒకరు తమ చేయి పట్టుకొని చూచేవారు, పేరు పెట్టి పిలిచేవారు ఉండిరి. ఊరు విడిచిన వారు అక్కడ ఒకరికొకరు ఊరైరి. 1930ల ఆరంభమున ఆ డాక్టరమ్మ కన్నుమూసిరి. తరువాత డాప్సోను మాత్ర వచ్చినది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పలు మందులను కలిపి ఇచ్చే చికిత్సను సూచించినది. నేడు ఆరు నెలలో, పండ్రెండు నెలలో మాత్రలు వేసికొంటే కుష్ఠు పూర్తిగా నయమగును. అది సులభముగా అంటుకొనే రోగము కాదని, మనుష్యులలో ఎక్కువమందికి దానిని తట్టుకొనే శక్తి పుట్టుకతోనే ఉన్నదని వైద్యులు చెప్పుచున్నారు. ఇంత అల్పముగా అంటే రోగమునకు ఎన్ని తరములు ఎంత పెద్ద వెలి విధించినవో చూడుడి.

డిచ్‌పల్లిని గూర్చి ఇంత మాట్లాడి మమ్మును గూర్చి మాట్లాడకుండ కూర్చుంటే అది న్యాయము కాదు. సమాధానమునకు రెండవ అర్థము, అనగా తెగిన బంధుత్వము కలియుట, మేము తలవంచి నేర్చుకొన్నది.

2021 మే నెల. కరోనా రెండవ విడత. గుడి తలుపులు మూసియున్నవి. మా వాడలో ఒక పెద్దాయన, ప్రతి ఆదివారము మా ప్రక్కనే చాపమీద కూర్చుండే మనిషి, పట్నము ఆసుపత్రిలో చనిపోయెను. కొడుకు గల్ఫులో చిక్కుకొని రాలేకపోయెను. శవము ఊరికి వచ్చినది. ప్లాస్టిక్ బట్టలు తొడిగిన నలుగురు దానిని దించి తీసికొనిపోయిరి. మేము మా దర్వాజలో నిలుచుండి చూచితిమి. గడప దాటలేదు. దూరముగానైనను వెంట నడువలేదు. కిటికీలో నుండియైనను ఒక పాట ఎత్తలేదు. ఆ పెద్దమ్మ ఒక్కతే మట్టి వేసి వచ్చినది. జాగ్రత్త అవసరమే. ప్రభుత్వము చెప్పిన దూరము పాటించుట తప్పు కాదు. కాని మేము పాటించినది దూరము కాదు, వెలి. ఆమెకు ఫోను కూడ చేయలేదు. వారము గడచినది, నెల గడచినది. సిగ్గు పెరిగిన కొద్దీ పోవుట మరింత కష్టమైనది. గుడి తెరచిన తరువాత ఆమె వచ్చి వెనుక కూర్చుండి ఆశీర్వాదము కాగానే వెళ్లిపోయేది. మేము ముందు కూర్చుండి శాంతిని గూర్చి పాటలు పాడేవారము.

ఆ సంవత్సరము క్రిస్మసుకు ముందు మేము ఆమె ఇంటికి పోతిమి. ఆమె చాట ప్రక్కన పెట్టి లేచినది. మేము చెప్పవలెననుకొన్న మాటలన్ని మరచి, ‘మమ్మల్ని మన్నించమ్మా’ అని మాత్రము అంటిమి. ఆమె చాలసేపు పలుకలేదు. తరువాత ఇట్లనెను. ‘‘బిడ్డా, కరోనాకు నేను గంత భయపడలే. పానం పోతదంటే పోతది. ఇంటి ముంగట ఒక్కరు లేకపాయె. గదే నన్ను తిన్నది.’’ ఇంకను ఇట్లు చెప్పెను. ఆ రాత్రి తండా నుండి ఒక లంబాడా అక్క, మన సంఘమునకు చెందినది కాదు, జొన్నరొట్టె మూట తెచ్చి అరుగుమీద పెట్టి, బాట కవతలి వైపు వేపచెట్టు క్రింద తెల్లవారు దాక కూర్చుండెనట. మాటిమాటికి ‘‘నేనీడనే ఉన్న అక్కా’’ అని పిలిచేదట. ‘‘గా పిలుపు లేకుంటే నేను తెల్లారేదాక ఉందునో లేదో’’ అని పెద్దమ్మ అనెను. తరువాత లేచి పొయ్యి ముట్టించి, ‘‘చాయ్ తాగి పోండ్రి’’ అనెను.

ఆ చాయ్ మాకు ప్రభువు బల్లవలె ఉండెను. ఇంతకంటె ఏమి చెప్పవలెనో మాకు తెలియదు.

ఆ దినము తరువాత అపొస్తలుల కార్యములు పదునారవ అధ్యాయము మాకు వేరుగా వినబడుచున్నది. ఫిలిప్పీ చెరసాలలో పౌలు, సీల దెబ్బలు తిని, కాళ్లు బొండలో బిగింపబడి, అర్ధరాత్రి కీర్తనలు పాడిరి. భూకంపమై తలుపులు తెరచుకొనెను. ఆ అద్భుతమును గూర్చి ఎన్నో ప్రసంగములు వింటిమి. కాని ఆ రాత్రి అందరికంటె ఎక్కువ భయపడినవాడు ఎవడు? సంకెళ్లలో ఉన్నవారు కారు, తాళపు చెవులు చేతిలో ఉన్నవాడు. ఖైదీలు పారిపోయిరనుకొని, పైవారికి లెక్క చెప్పలేక, చెరసాల నాయకుడు కత్తి దూసి తన్ను తాను చంపుకొనబోయెను. అప్పుడు పౌలు చీకటిలో నుండి గట్టిగా కేక వేసి, ఎవరమును పోలేదని, హాని చేసికొనవద్దని చెప్పెను. ఒక మనిషి బ్రదుకుటకు ఆ కేక చాలినది. వేదాంతము తరువాత వచ్చినది.

సహోదరులారా, మన జిల్లాలో బోరు ఫెయిలై, అప్పు తీరక, లెక్క చెప్పలేక ప్రాణము తీసికొన్న రైతుల ఇండ్లు మనకు తెలియును. వారిలో ఒక్కొక్కరు ఆ చెరసాల నాయకునివలెనే ‘అంతా పోయినది, ఎవరును మిగులలేదు’ అనుకొన్నవారే. ఆ గడియలో చీకటిలో నుండి ఒక కేక వినబడవలెను. తండా అక్క వేపచెట్టు క్రింద నుండి వేసిన కేక అదే. సంఘమనగా ఆ కేక. అది లేకపోతే మన శిఖరము ఎన్ని అడుగులైనను ప్రయోజనము లేదు.

ఇక మొదటి అర్థము, జవాబు. ‘ఎందుకు’ అను ప్రశ్నకు మేము జవాబు చెప్పలేము. యోబు ఎంతో అడిగెను. దేవుడు సుడిగాలిలో నుండి మాటలాడెను గాని ఆ ‘ఎందుకు’కు జవాబియ్యలేదు. అయినను యోబు ఊరడిల్లెను, ఎందుకనగా దేవుడు వచ్చెను. పౌలు తన శరీరములోని ముల్లును తీసివేయుమని మూడుమారులు వేడుకొనెను. ముల్లు పోలేదు, దానిని మోయుటకు కృప వచ్చినది. సిలువమీద మన ప్రభువు తానే ‘ఎందుకు’ అని అడిగెను. ఆ గడియలో ఆకాశము నుండి జవాబు రాలేదు. మూడవ దినమున తెల్లవారినది. కనుక బాధలోనున్న వారి దగ్గరకు పోయి, ‘నీ పాపము వలన’ అనియు, ‘దేవుని చిత్తము, ఏడువవద్దు’ అనియు తేలిక జవాబులు చెప్పవద్దు. యోబు స్నేహితులు ఏడు దినములు నేలమీద అతనితో మౌనముగా కూర్చున్నంతవరకు మంచి స్నేహితులు. నోరు తెరచిన తరువాతనే చెడిరి. బాధ మంచిదని కూడ మేము చెప్పము. ప్రభువు రోగము చూచి సంతోషపడలేదు, స్వస్థపరచెను. ప్రార్థన చేయుచు మందు వేసికొనుట అవిశ్వాసము కాదు. మనస్సు క్రుంగినవాడు డాక్టరు దగ్గరకు పోవుటయు అవిశ్వాసము కాదు. డిచ్‌పల్లి మనకు నేర్పినది అదే కదా, అక్కడ ప్రార్థించిన చేయియే సూది పట్టినది.

చేయవలసినవి పెద్దవేమియు కావు. భయము కలిగినప్పుడు దానిని దాచుకొనక ప్రభువుతో చెప్పుడి, సంఘములో నమ్మదగిన ఒకరితో చెప్పుడి. చెప్పిన భయము సగము భయము. రాత్రి నిద్ర రానప్పుడు ఇరువది మూడవ కీర్తనను మెల్లగా చెప్పుకొనుడి, అది తోట దారిని గూర్చినది మాత్రమే కాదు, చీకటి లోయను గూర్చినది కూడ. కొడుకులు గల్ఫులో ఉన్న తల్లుల పేర్లు వ్రాసికొని, వారమునకు ఒక్క ఇంటికైనను పోయి కూర్చుండుడి. అప్పులో మునిగిన రైతు గుడికి రాకపోతే ‘భక్తి తగ్గినది’ అనక, అతని చేను గట్టు దాక నడువుడి. ఎవరితోనైనను తెగియుంటే, క్రిస్మసు దాక ఆగవద్దు. మేము ఏడు నెలలు ఆగితిమి. ఆ ఏడు నెలలు మాకు నిద్రయు లేదు, శాంతియు లేదు. మనిషితో సమాధానపడక దేవుని సమాధానము కొరకు ఎదురు చూచుట, మడిలో గండి పూడ్చక బోరు వేసినట్లే.

పెద్దమ్మ ఇప్పుడు వెనుక కూర్చుండుట లేదు. స్త్రీల వరుసలో ముందే కూర్చుండుచున్నది. తండా అక్క ప్రతి క్రిస్మసుకు ఆమె ఇంటికి భోజనమునకు వచ్చును. ఆమె కొడుకు ఇంకను గల్ఫులోనే ఉన్నాడు. అప్పు ఇంకను తీరలేదు. భర్త లేని లోటు ఏమియు తీరదు. అయినను మొన్న వరదరాత్రి మేము ఫోను చేసి ‘భయమైతున్నదా పెద్దమ్మా’ అని అడుగగా ఆమె అనెను: ‘‘అయితున్నది బిడ్డా. అయితేంది, నువ్వు ఫోను జేసినవు గద.’’

సమాధానమునకు ఇంతకంటె మంచి అర్థము మా నిఘంటువులో లేదు.

నూరేండ్లు మన పెద్దలను కరువులోను రోగములోను మోసిన దేవుడు, రాబోవు నూరేండ్లు మన పిల్లలను మోయును గాక. గాంధారిలో గాని, తండాలలో గాని, సముద్రముల అవతల గాని, ఈ రాత్రి భయముతో మేల్కొనియున్న ప్రతివానికి ఒక కేక వినబడును గాక. ఆ కేక వేయుటకు ప్రభువు మన నోరు తెరచును గాక. ఆమేన్.